వియ్యపురాలి వంటకు దిగిన షుగర్

నాకు ఆరో నెల నడుస్తుండగా ఒక మధ్యాహ్నం, ఆళ్లగడ్డలోని మా చీరల అంగడిలో బేరం మంచి పట్టులో ఉండగా లేచి బాత్రూమ్‌కు పోవలసి వచ్చింది. పొద్దుటి నుంచీ అదే వరస. ఎన్ని నీళ్లు తాగినా నోరు ఎండుతోంది. తిరిగి వచ్చేసరికి మా అత్త ఆ పట్టుచీరను వాళ్లు అడిగిన ధరకే ఇచ్చేసింది. ఒంట్లో ఏదో తేడా చేసిందని అప్పుడు గట్టిగా అనిపించింది.

నంద్యాలలో డాక్టరమ్మ గ్లూకోజ్ నీళ్లు తాగించి టెస్ట్ చేయించారు. "ప్రెగ్నెన్సీలో వచ్చే షుగర్. డైట్, వాకింగ్‌తో చూద్దాం" అన్నారు. నంద్యాలలోనే కాపురముంటున్న మా తోడికోడలు భారతక్కకూ అప్పుడు ఆరో నెలే, ఆమెకూ ఇదే జబ్బు. విని కాస్త ఊరట పడ్డాను.

ఆ ఊరట తర్వాతి చెకప్‌ దాకానే. ఇద్దరికీ ఒకే డైట్ చీటీ. ఆమెకు శభాష్, నాకు ఇన్సులిన్.

"రెండు పూటలా సూదంటే ఎక్కువ మేడమ్. ఒక పూటకు చేసుకోండి."

"ఇది మీ అంగడి కాదమ్మా."

నా కడుపు మండిపోయింది. భారతక్కకు వాళ్లమ్మ వచ్చి వండిపెడుతోంది. వేళకు వేడి జొన్నరొట్టె, ఆకుకూర పప్పు. సాయంత్రం బావగారు పక్కన నడుస్తుంటే వాకింగ్. నేనేమో గిరాకీ ఖాళీ అయ్యేదాకా ఉండి, ఆకలి పట్టలేక గిన్నెడు అన్నం మింగేదాన్ని. అంతవరకూ వచ్చినవాళ్లతో పాటు చక్కెర టీలు. నేను తాగకుంటే బేరం చల్లబడుతుంది మరి. నడుద్దామని బయలుదేరితే అత్త గడపలోనే ఆపేది.

"కడుపుతో బజారెంట యాడికి పోతాండావ్ మే? దిష్టి తగల్దా?"

భారతక్క నడిచే వీధిలో జనాలకు కళ్లు లేవు కాబోలు.

గ్రోత్ స్కాన్‌లో బిడ్డ బరువు ఎక్కువగా ఉంది. "ఇలాగే పెరిగితే కాన్పు కష్టం. పుట్టాక బిడ్డకు షుగర్ పడిపోవచ్చు" అన్నారు డాక్టరమ్మ.

"అక్కకు బాగుంది కదా మేడమ్, నాకే ఎందుకు?"

"మీ ఇంట్లో వంట ఎవరిది?"

"అత్తది."

"ఈసారి ఆమెను తీసుకురండి."

అత్త వచ్చింది. చేతులు కట్టుకుని అంతా విన్నది. "నా మనవడికి తిండి తగ్గించమంటాండారా?" అని ఒక్క మాట అడిగింది.

"వేళకు పెట్టమంటున్నా. నడవనివ్వమంటున్నా."

ఆళ్లగడ్డ బస్సెక్కాక టికెట్లు కొంగున ముడేసుకుంది. ఉన్నట్టుండి నా వైపు తిరిగింది.

"వాళ్లమ్మ వంటకు షుగర్ దిగిందంట, నా వంటకు ఎక్కిందంట. ఏందీ, నా చెయ్యి అంత తీసిపోయిందా?"

నాకంటే అత్తకే ఎక్కువ మండుతోందని అప్పుడు తెలిసింది.

మరుసటి రోజు గిరాకీ మధ్యలోనే రెక్క పట్టి లేపింది. "లెయ్ మే, తిను. కొనేటోళ్లు కూచుంటారులే." సాయంత్రం తనే నా వెనక నడిచింది. దిష్టి సంగతి మళ్లీ ఎత్తలేదు.

ఇన్సులిన్ ఆగలేదు కానీ డోసు పెరగలేదు. పాప మామూలు బరువుతో పుట్టింది. కాన్పు తర్వాత టెస్ట్ నార్మల్ వచ్చింది. మళ్లీ రావచ్చట, అందుకే ఏటా చూపించుకుంటున్నాను. భారతక్క నడుము నాకంటే ముందే సన్నబడింది. అది మాత్రం ఇప్పటికీ మింగుడుపడడం లేదు.

మీకూ ఈ షుగర్ వస్తే డైట్ చీటీ ఒక్కటే ఇంటికి తెచ్చుకుని ఊరుకోకండి. మీ ఇంట్లో గరిటె ఎవరి చేతిలో ఉందో, వాళ్లను తీసుకెళ్లి డాక్టర్ ఎదుట కూర్చోబెట్టండి.