పోపు వాకిట్లో రాజు, పెద్దబాపు వాకిట్లో మా తమ్ముడు

అల్వాల్ స్టేషన్‌లో పొద్దున ఎనిమిదింటికి మేడ్చల్ రైలెక్కాను. తొంభైల నడిమి రోజులవి, ఇంకా చిన్న పట్టాల రైలే. పుష్యమాసపు మంచులో ముందు ఇంజను కనపడి, దాని వెనక పెట్టెలు ఒక్కొక్కటే పుట్టుకొచ్చినట్టుండేది. టికెట్టు ధర టీ ధరకు కాస్త అటూ ఇటూ. కిటికీ పక్క చోటు కావాలంటే పట్టాలు దాటి అవతలి వైపు నుంచి ఎక్కేవాళ్లం. మీరు మాత్రం అలా ఎక్కకండి.

నేను ఊళ్లు చూడ్డానికి బయలుదేరలేదు, బతిమాలడానికి బయలుదేరాను. నేను అల్వాల్‌కు కోడలిగా వచ్చినదాన్ని, పుట్టిల్లు షామీర్‌పేట చెరువు పక్క పల్లె; చేపలు పట్టే ఇళ్లు మావి. మా తమ్ముడు మల్లేశును కులం వెలేసి అప్పటికి నెల దాటింది. ఏటా తొలి వల వేసే రోజు గంగమ్మకు ఎవరు పూజ చెయ్యాలో చెప్పేది కులపెద్ద. ఆయన్ని మేమంతా పెద్దబాపు అంటాం. ఆ ఏడు మా వాడు చేపల సొసైటీకి ప్రెసిడెంటయ్యాడు. కాగితాల మీద సర్కారు ముద్ర పడేసరికి, పూజారిని నేనే పెడతానన్నాడు. పెద్దబాపు కర్ర కూడా ఎత్తలేదు. "వానికి నిప్పు నీళ్లు బంద్" అని ఒక్క మాటన్నాడు. వాడికి ఓట్లేసిన చేతులే వాడింటికి నీళ్లివ్వడం మానేశాయి. మర్నాడే తొలి వల. ఆలోపు కులంలో కలవకపోతే ఆ ఏడంతా వాడు చెరువులో దిగడానికి లేదు. చెరువు తప్ప వాడికి వేరే బతుకు తెలియదు.

ఈ బాధంతా పక్కనున్న పెరుగు గంప ఆమెకు చెప్పుకుంటున్నాను. ఎదుటి బల్ల మీద ఒకాయన చదువుతున్న పేపరు మడిచాడు. కోస్తా వాళ్లు, అల్వాల్‌లో కొత్త కాలనీలో ఇల్లు కట్టుకున్నారట. మేడ్చల్ కాలేజీలో చరిత్ర చెబుతారట.

"ఏమ్మా, ఒక్క మాటకే ఊరంతా మానేశారా?" అన్నారాయన.

"ఔ సారూ. చేతిల కత్తి లేదు, కట్టె లేదు. మాటనే."

"సరిగ్గా ఇలాంటిదే యూరప్‌లో జరిగిందమ్మా. తొమ్మిది వందల ఏళ్ల కిందటి మాట. రోములో పోపుగారని ఒకాయన..."

"పోపంటే తాలింపు గాదు గద సారూ?" అంది పెరుగు గంప ఆమె. పెట్టెంతా నవ్వింది. ఆయనా నవ్వి, కథ ఎత్తుకున్నారు.

జర్మనీ దేశపు రాజుకు కోటలున్నాయి, గుర్రాలున్నాయి. ఆ దేశంలో పెద్ద పెద్ద చర్చీల అధికారులను బిషప్పులంటారు. వాళ్ల చేతుల్లో భూములు, ఊళ్లు ఉండేవి. బిషప్పులను నేనే పెడతానన్నాడు రాజు. ఆ హక్కు నాది అన్నాడు పోపు. నువ్వు గద్దె దిగమని రాజు కబురంపితే, పోపు రాజును మతం నుంచి వెలేశాడు. ఆ రాజుకిచ్చిన మాట ఎవరూ నిలబెట్టుకోనక్కర్లేదని కూడా చెప్పాడు. దాంతో రాజు కింది దొరలు ఒక్కొక్కరే మొహం తిప్పుకున్నారు. ఇక లాభం లేదని రాజు చలికాలంలో మంచుకొండలు దాటి, పోపు విడిది చేసిన కోటకు వెళ్లాడు. చెప్పుల్లేకుండా, ముతక ఉన్ని బట్టతో, మూడు రోజులు ఆ వాకిట్లో నిలబడ్డాడు.

కురిసే మంచు నేనెప్పుడూ చూడలేదు. చేపల పెట్టెల్లో కొట్టిపోసే ఐసు లేదూ, అది ఆకాశం నుంచి పడుతున్నట్టు ఊహించుకున్నాను. కిటికీ బయట మంచుపొగలో బోలారం ఎప్పుడు దాటిందో తెలియలేదు.

"మరి పోపు తలుపెందుకు తీసిండు సారూ? తియ్యకుంటె అయిపోవు గద?"

"తియ్యక ఎక్కడికి పోతాడమ్మా? ఆయన బలమంతా గురువు కావడంలోనే ఉంది. తప్పయిందని గుమ్మంలో నిలబడ్డవాణ్ణి కాదంటే గురువెలా అవుతాడు? లోపలున్న పెద్దలు కూడా నచ్చజెప్పారు. క్షమించాడు. ఆ పూట ఇద్దరూ ఒకే బల్ల దగ్గర భోజనం చేశారట."

"మంచిగయింది."

"అక్కడితో అవలేదమ్మా. కొన్నేళ్లకు రాజు బలం పుంజుకుని రోము మీదికే సైన్యంతో వచ్చాడు. పోపు ఊరొదిలి, పరాయి చోట కన్నుమూశాడు. వాళ్లిద్దరూ పోయాక కూడా ఆ తగువు నడిచింది."

రైలు మేడ్చల్‌లో ఆగింది. సారు కాలేజీ వైపు వెళ్లిపోయారు. నేను మా మేనమామ ఇంటికి నడిచాను. పెద్దబాపుతో చిన్నప్పుడు కలిసి తిరిగిన మనిషి, వచ్చి ఒక మాట చెబుతాడని ఆశ. మామ టీ పోయించి, కండువా భుజం మీద వేసుకుని, మళ్లీ తీసేశాడు.

"నేను రాను బిడ్డా. నేనొస్తె రేపు నాకు గూడ బందే. మనుమని పుట్టెంటికలు దగ్గరున్నయి."

మేడ్చల్ దాకా పాకిన మాటకు నాకు భయమేసింది. స్టేషన్ బయట పూరీ తిని, షామీర్‌పేట పోయే ఏడు సీట్ల ఆటో ఎక్కాను. ఏడు సీట్లంటే పదిమంది పైనే. దారంతా ద్రాక్షతోటల పందిళ్లు. వాటి నీడల్లోంచి ఎండ చారలు మొహాల మీద పడి పోతుంటే కునుకు పట్టింది. కునుకులో మామ కండువా కప్పుకున్న పోపు కనిపించాడు.

మల్లేశు ఇంటికి చేరేసరికి మధ్యాహ్నం దాటింది. మరదలు పళ్లెం పెట్టడానికి వెనకాడింది.

"వదినా, మా ఇంట్ల తింటె నీకు గూడ అంటది."

"అంటనియ్యి. ఆకలైతాంది, పెట్టు."

దీపాలు పెట్టే వేళ తమ్ముడు అరుగు మీద వల బాగుచేస్తూ కూర్చున్నాడు. బతిమాలితే వినే మనిషి కాదు.

"సర్కారు రాసిచ్చిన ప్రెసిడెంటును నేను. గాయన ముంగట నేనెందుకు వంగాలె అక్కా?"

రైల్లో విన్న కథ చెప్పాను. చెరువు మీంచి చలి వస్తోంది. కొండలు, కోట, వాకిట్లో వట్టి కాళ్లతో రాజు. పోపు తలుపు తీసి, ఇద్దరూ కలిసి తిన్నదాకా చెప్పి ఆపాను. వాడి చేతిలో దారం ఆగిపోయింది. లేచి లోపలికి పోయాడు.

తెల్లారి చూస్తే పక్క మీద లేడు. బయట మూరెడు దూరంలో ఏముందో కనపడని మంచు. పెద్దబాపు ఇంటికి పరుగున పోయాను. ఆ ఇంటికి గోడ చుట్టూ ఉంది, గేటు ఒకటే. ఆ గేటుకు ఎదురుగా, అడుగు దూరంలో, చెప్పుల్లేకుండా మల్లేశు నిలబడి ఉన్నాడు. అటు చెరువు కట్ట మీద వలలు భుజాన వేసుకున్న మనుషులు నీడల్లా కదులుతున్నారు. పెద్దబాపు రానిదే తొలి వల పడదు.

పెద్దబాపు తలపాగా చుట్టుకుని గుమ్మంలోకి వచ్చి, ఆగిపోయాడు. వెలేసిన మనిషితో ఎవరూ మాట్లాడకూడదు, ముట్టుకోకూడదు. ఆయన మాటే అది. గేటు దాటాలంటే జరగమని వాడితో అనాలి, లేదా చేత్తో నెట్టాలి. ఏది చేసినా తన మాట తానే తప్పినట్టు. ఆయన లోపలికి పోయాడు. కాసేపటికి మళ్లీ వచ్చి చూసి, మళ్లీ పోయాడు.

ఆయన భార్యను మేం పెద్దమ్మ అంటాం. ఆమె కల్లాపి బకెట్టుతో వచ్చింది. మల్లేశు పాదాల చుట్టూ గుండ్రంగా వదిలేసి చల్లింది. ముగ్గు కూడా అలాగే వేసింది. మంచులో ఆ తెల్లటి గీతల నడుమ మా తమ్ముడు ముగ్గులో నిలిపిన బొమ్మలా ఉన్నాడు. ఆమె పిండి చేతులు దులుపుకుని లోపలికి కేకేసింది.

"ఏమయ్యా! ఊరికేసిన తాళం మనింటికే పడ్డది. వలలు సూర్యుడొచ్చేదాక ఆగుతయా?"

"నువ్వు నోరు మూస్కో."

"నేను మూస్కుంట. నువ్వు గోడ దుంకుతవా ఈ వయసుల?"

కట్ట మీద ఎవరో ఫక్కున నవ్వారు. పెద్దబాపు బయటికొచ్చాడు. చేతిలో చెంబు. చాలాసేపు వాడి కాళ్లనే చూశాడు.

"తప్పయిందారా?"

"తప్పయింది పెద్దబాపు."

"పూజకు మనిషిని ఎవలు పెట్టాలె?"

మల్లేశు తలెత్తలేదు. "ముందుగాల నీళ్లియ్యి పెద్దబాపు. దూపయితాంది."

పెద్దబాపు నవ్వలేదు. అడిగినదానికి జవాబు రాలేదని ఆయనకూ తెలుసు, వాడికీ తెలుసు. చెంబు మాత్రం వంచాడు. దోసిట్లో పడ్డ నీళ్లు మల్లేశు తాగుతుంటే పెద్దమ్మ కళ్లు తుడుచుకుంది. చూస్తున్నవాళ్లంతా ఒక్కసారే మాట్లాడ్డం మొదలుపెట్టారు, నెల మాటలన్నీ దాచుకున్నట్టు.

చెరువు దగ్గర ఎవరి మనిషీ పూజ చెయ్యలేదు. పెద్దబాపే తన చేత్తో పసుపు చల్లి కొబ్బరికాయ కొట్టాడు. మంచు లేస్తుంటే తొలి వల నీటి మీద విచ్చుకుంది. దాని ఒక కొస మా తమ్ముడి చేతిలో ఉంది. ఆ పూట మా వాడు పెద్దబాపు ఇంట్లో, ఆయన పక్కనే కూర్చుని తిన్నాడు.

మధ్యాహ్నం నన్ను బస్సెక్కించడానికి మల్లేశు రోడ్డు దాకా వచ్చాడు. కరీంనగర్ వైపు నుంచి వచ్చే ఎక్స్‌ప్రెస్‌లు ఆగవు, సికింద్రాబాద్ సిటీ బస్సు కోసం చూడాలి. దూరంగా బస్సు కనపడగానే వాడన్నాడు.

"అక్కా, గా రాజు తర్వాత ఏం జేసిండు?"

"చెప్పిన గద. కలిసి కూసోని తిన్నరు."

"తిన్నంక?"

"తిన్నంక పండుకుంటరు. ఇంగేం జేస్తరు?"

వాడు నా మొహంలోకి చూశాడు. కథల మీద పెరిగినవాడు, ఎక్కడ తుంచానో పట్టగలడు. సంచి అందించాడు.

బస్సు తూంకుంట, హకీంపేట దాటింది. కిటికీకి తలానించి అరనిద్రలో పడ్డాను. మంచు కురుస్తున్న వాకిట్లో కొన్నిసార్లు రాజు నిలబడ్డాడు, కొన్నిసార్లు మల్లేశు. తలుపు తీసేదెవరో మాత్రం ప్రతిసారీ మారుతోంది. ఒకసారి తీసింది మా తమ్ముడే. బయట నిలబడి వణుకుతున్నది పెద్దబాపు. ఉలిక్కిపడి లేచేసరికి అల్వాల్ వచ్చేసింది. బస్సు దిగి, ఎండలో కాసేపు అలాగే నిలబడ్డాను. ఆ రోజు మా తమ్ముడు వంగడం చూసి వచ్చానో, వంగడం నేర్చుకోవడం చూసి వచ్చానో నాకు తెలియలేదు.