శుక్రవారం దీపాల వేళ

పెద్ద జంతువుల సర్జన్‌కు చేయి పొడుగుండాలని ఏ పాఠ్యపుస్తకంలోనూ రాసి ఉండదు. రాయకపోయినా అది నిజం. బర్రె పెద్దపొట్ట అంటే మాటలా? చిన్నపాటి గది. దాని అవతలి గోడ తడమాలంటే భుజం దాకా లోపలికి దూరాలి. డాక్టర్ లలితకుమారి చూస్తే అయిదడుగులు కూడా నిండని మనిషి. చదువుకునే రోజుల్లో ఆమె ఈ విభాగం కోరుకున్నప్పుడు పెద్దాయనొకరు కళ్లద్దాలు పైకి నెట్టి, "కుక్కలూ పిల్లుల వైపు వెళ్లమ్మా, అక్కడ బల్ల నీ ఎత్తుకు సరిపోతుంది" అన్నారు. ఆమె వాదించలేదు. వడ్రంగి దగ్గరికి వెళ్లి జానెడు ఎత్తు పీట ఒకటి చేయించుకుని మర్నాడు దాని మీద ఎక్కి నిలబడింది.

ఆ పీట మీదే జుట్టు నెరిసింది. భీమవరంలో పుట్టి, బోధనాసుపత్రిలో ఉద్యోగానికని వచ్చి, ఇక్కడే స్థిరపడిపోయిన ఆమెను శంషాబాద్ చుట్టుపక్కల పల్లెల్లో పేరుతో అడిగితే ఎవరూ చెప్పలేరు. 'పీట డాక్టరమ్మ' అనండి, కందుకూరు దాకా దారి చూపిస్తారు.

విమానాలు దిగే చోట ఇంకా బర్రెలేమిటని కొత్తవాళ్లు ఆశ్చర్యపోతారు. ఒకప్పుడు మందలే ఉండేవి. పొలాలు ప్లాట్లయ్యాయి, ప్లాట్ల మధ్య ఫంక్షన్ హాళ్లు లేచాయి. ఇప్పుడు సాతంరాయిలో ఆ గల్లీకి బర్రెలున్న ఇళ్లు రెండే. ఒకటి కుర్మయ్యది, రెండోది అతని తమ్ముడు యాదయ్యది. మధ్య గోడ ఒకటే. ఆ గోడకు ఇటు కుర్మయ్య భార్య లింగమ్మ, అటు యాదయ్య భార్య భాగ్యమ్మ. యారాండ్లిద్దరికీ మాటల్లేవు. కారణం పెద్దదేం కాదు, అందుకే తెగడం లేదు. లింగమ్మ తన బిడ్డ సంతోషి పెండ్లికి ఊరందరినీ బొట్టు పెట్టి పిలిచి, పక్కింటి యారాలికి మాత్రం ఫోన్లో కార్డు పంపింది. భాగ్యమ్మ పెండ్లికి పోలేదు.

ఆ పెండ్లయిన రెండో రోజు, శుక్రవారం పొద్దున, లింగమ్మ బర్రెను ట్రాలీ ఆటోలో ఎక్కించుకుని ఆసుపత్రికి తెచ్చారు. కళ్లు లోతుకు పోయాయి, ఎడమ డొక్క ఉబ్బి బిగిసింది. లలితకుమారి పిడికిలితో డొక్క నొక్కి చూసింది. లోపల కదలిక లేదు, నీళ్ల కుండలా తొణికింది. మూతి దగ్గర పులిసిన వాసన.

"ఏం పెట్టారు దీనికి?"

"రోజు పెట్టేదే మేడం. గడ్డి, జర దాణా" అన్నాడు కుర్మయ్య, పైన పోతున్న విమానాన్ని చూస్తూ.

"నిజం చెప్పండి. నేను తిట్టను."

"నేను తిడుత" అంది లింగమ్మ. "చెప్పరాదు, ఏం పెట్టినవ్?"

కుర్మయ్య తల గోక్కున్నాడు. "పెండ్లిల బగారన్నం శాన మిగిలె. పారబోస్తే మంచిగుంటదా? మనుషులు తినేటిదే గదా, బర్రెకేమైతదనుకున్న. అదీ సంబురంగనే తిన్నది."

ప్రేమతో పెట్టిన అన్నంతో ప్రాణం మీదికి రావడం వింతేమీ కాదు. గడ్డి అరిగించుకునే పొట్టలో అంత అన్నం పడితే పులిసి, విషమై కూర్చుంటుంది. మధ్యాహ్నానికల్లా బర్రెను ఇనుప గొట్టాల చట్రంలో నిలబెట్టి, నీళ్లెక్కించి, డొక్కకు మాత్రం మత్తిచ్చి కోశారు. అది మెలకువతోనే ఉంది. లింగమ్మ దాని ముందు నిలబడి గంగడోలు నిమురుతూ ఉంది. లలితకుమారి పీటెక్కి, భుజం దాకా తొడుగు వేసుకుని, లోపలున్నదంతా తోడి తోడి తొట్టిలో పోసింది. అన్నం, లవంగాలు, ఒక కాగితపు ప్లేటు, బిర్యానీ ఆకు.

"మీ ఇంట్లో పెళ్లికి నేను రాలేదు గానీ, ఏమేం వడ్డించారో తెలిసిపోయిందండీ" అంది. లింగమ్మ ఏడుస్తూనే నవ్వింది.

పొట్ట కడిగి కుట్టేశారు. కానీ అసలు చిక్కు అప్పుడు మొదలైంది. గడ్డిని అరిగించేది బర్రె కాదు, దాని కడుపులో కాపురముండే కంటికానని సూక్ష్మజీవులు. పులుపుకు అవన్నీ చచ్చాయి. ఆరోగ్యంగా ఉన్న ఇంకో పశువు కడుపులోంచి రసం తెచ్చి పోస్తే తప్ప ఈ పొట్ట కదలదు. ఆసుపత్రిలో అందుకోసమే పెంచుకున్న ముసలి ఎద్దు పోయిన నెలే కన్నుమూసింది. ఆవరణ అవతలి కొసనున్న కాలేజీ డెయిరీలో గాలికుంటు రోగం, అక్కణ్ణుంచి గడ్డిపోచ కూడా బయటికి రాకూడదు.

"కమ్మగా కాగిన పాలున్నాయనుకోండి" అని లలితకుమారి లింగమ్మకు చెప్పింది. "చారెడు పెరుగు లేకపోతే ఎన్నాళ్లున్నా తోడుకోవు. ఇదీ అంతే. పొద్దుటికల్లా కావాలి. లేకపోతే నా చేతిలో ఏమీ లేదు."

లింగమ్మ బర్రె మెడ మీద చెయ్యేసింది. ఆ బర్రె తల్లి ఈనుతూనే చచ్చిపోతే, దుడ్డెగా ఉన్నప్పుడు సీసాతో పాలు పట్టి సాకింది ఆమే. "గల్లీల ఇంకో బర్రె ఒక్కటే ఉన్నది మేడం" అంది చివరికి. "అది మా యారాలిది."

కుర్మయ్య తమ్ముడికి ఫోన్ చేశాడు. భాగ్యమ్మే ఎత్తింది. సంగతంతా విని, "బావా, ఇయ్యాల శుక్రారం. దీపాల యాళ్ల అయితుంది. గిప్పుడు ఇంట్లకెల్లి పాలు, పెరుగు, ఉప్పు ఎవ్వలకియ్య. కడుపుల రసం ఎట్లిస్త?" అంది. పక్కనున్న పీజీ విద్యార్థి రవితేజ పకాలున నవ్వాడు. లలితకుమారి అతన్నొక చూపు చూసి ఫోన్ అందుకుంది.

"మా అమ్మ కూడా శుక్రవారం దీపం పెట్టాక మజ్జిగచుక్క ఇచ్చేది కాదమ్మా. మీరేమీ ఇవ్వొద్దు. ఒకటడుగుతాను. మీ బర్రె శుక్రవారం గడప దాటి మేతకు వెళ్తుందా?"

"ఎందుకు పోదు? రోజూ పోతది."

"దారిలో నెమరేస్తే మీరు ఆపుతారా?"

"దాని నోరు, దానిష్టం. నేనెందుకాపుత?"

"అంతేనమ్మా. దాన్ని మా ఆసుపత్రి దాకా రానివ్వండి, నేనడిగేది ఇంకేం లేదు."

"మీరు శానా హుషారున్నరు డాక్టరమ్మా" అని భాగ్యమ్మ ఫోన్ పెట్టేసింది.

చీకటి పడుతుండగా ఆసుపత్రి గేటు దగ్గర ట్రాలీ ఆటో ఆగింది. బర్రె దిగింది, వెనకాలే భాగ్యమ్మ. లోపలికి రమ్మంటే రానంది. రోగం భయానికి బర్రెను కూడా లోపలికి తేవొద్దన్నది లలితకుమారి. అలా ఇద్దరి పట్టుదలా కలిసొచ్చి గేటు బయట వేపచెట్టు కిందే పని మొదలైంది. పీట అక్కడికి వచ్చింది. నోట్లోంచి గొట్టం దింపి, పంపు కొడుతుంటే ఆకుపచ్చటి రసం నురగలతో బకెట్లోకి దిగింది.

"నేనేం ఇయ్యలే" అని భాగ్యమ్మ తన బర్రెతో చెప్పింది, లింగమ్మకు వినబడేటట్టు. "నువ్వే అచ్చినవ్, నువ్వే ఇచ్చినవ్. నాకేం సంబంధం లేదు. మంచిగైంది, ఆ పెండ్లి బువ్వ మనింటికి పంపలే. లేకుంటే నువ్వు గూడ గీ దవాఖానల నిలబడుదువు."

లింగమ్మ బకెట్ రెండు చేతులతో ఎత్తుకుని తొణకకుండా లోపలికి నడిచింది. రసం పట్టించారు. ఇక చేయగలిగింది చూడటమే.

ఆటోవాడు పొద్దున్నే వస్తానని పోయాడు. భాగ్యమ్మ తన బర్రె పక్కనే గేటు బయట అరుగు మీద చీరకొంగు కప్పుకుని పడుకుంది.

తెల్లవారి లలితకుమారి వచ్చేసరికి లింగమ్మ తన బర్రె పక్కన గోడకానుకుని కూర్చుని ఉంది. లలితకుమారి పిడికిలి డొక్క మీద ఆనించి కళ్లు మూసుకుంది. ఇన్నేళ్లయినా ఈ క్షణంలో ఆమె ఊపిరి బిగబట్టడం మానలేదు. మొదట ఏమీ లేదు. తర్వాత లోపలెక్కడో ఒక బరువైన అల మెల్లగా పైకి లేచి, ఆమె పిడికిలిని నెట్టి, దిగిపోయింది. బర్రె మెడలో ఒక ఉండ పైకి పాకింది. దవడ పక్కకు కదిలింది.

"నెమరేస్తున్నదక్కా!" అని అరిచాడు రవితేజ.

లింగమ్మ లేచి, కొంగు ముడి విప్పి, పెండ్లి నాటి కుంకుమ పొట్లం తీసింది. తన బర్రె దగ్గర ఆగలేదు. గేటు దాకా పోయి భాగ్యమ్మ బర్రె నుదుటన పెద్ద బొట్టు పెట్టింది.

భాగ్యమ్మ లేచి కూర్చుని, జుట్టు ముడేసుకుంటూ చూసింది. "బర్రెకైతే బొట్టు పెట్టి పిలుస్తవ్. మమ్ములనైతే ఫోన్ల."

"మొకం గిటు తిప్పు" అంది లింగమ్మ, వేలితో కుంకుమ తీస్తూ. "ఐతారం బిడ్డకు ఒడిబియ్యం పోసి అందరికి బువ్వ పెడుతున్నం. అన్నం మిగలకుంట నువ్వే సూసుకోవాలె."