మోరీ దగ్గర ఆగే జీపు

మా ఆయన పోయిన రోజు నుంచి ఇంటికి వచ్చినవాళ్లందరూ ముందు నా కళ్లు చూసేవాళ్లు, తరువాతే పలకరించేవాళ్లు. కళ్లలో తడి లేదు. వస్తుందేమోనని నేనూ ఎదురుచూశాను, రాలేదు. ఆడబిడ్డ వరసయ్యే ఒకామె నా భుజాలు పట్టుకుని ఊపి ఊపి ఏడ్చింది. ఆమె చెవి కమ్మ ఊడిపోయేలా కనిపిస్తే బిగించుకొమ్మని చెప్పాను. ఆ మాట ఊరంతా తిరిగింది.

మా అత్త మాత్రం నన్ను తప్పు పట్టలేదు. భయపడింది. "ఏడ్వు బిడ్డా. అంత లోపల్నే పెట్టుకుంటె మనిషివి మిగులవు" అనేది. మాకు పిల్లలు లేరు. ముగ్గురం ఉండేవాళ్లం, ఇద్దరం మిగిలాం. ఆమెకిక నేనే దిక్కు. కొడుకు కోసం తన వంతు, నా వంతు కూడా ఆమే ఏడ్చింది. ఆ తరువాత జొన్నరొట్టె తుంచి నా చేతిలో పెడుతూ, పాలు ఎప్పుడు పొంగుతాయా అని పొయ్యి దగ్గర కనిపెట్టుకుని ఉన్నట్టు నా ముఖం చూస్తూ కూర్చునేది. నేను రొట్టె తినేదాన్ని. రుచి తెలిసేది కాదు. రాత్రిళ్లు మొద్దులా నిద్రపోయేదాన్ని.

ఆయన పని బోరు మోటర్లు బయటికి తీయడం. మా వైపు నేలంతా రాయి, బోర్లు లోతు. కాలిపోయిన మోటరు పైకి రావాలంటే చేలోకి, గట్ల మీదికి పోగలిగే బండి కావాలి. రాష్ట్రం వచ్చిన కొత్తలో ఏదో సర్కారు ఆఫీసు వాళ్లు పాత జీపును వేలం వేస్తే కొనుక్కొచ్చాడు. వెనక గిరక, గొలుసు బిగించి, మహబూబ్‌నగర్ చుట్టుపక్కల నుంచి దేవరకొండ దారి దాకా తిరిగాడు. ఒక చెలకలో పైపులు లాగుతూ లాగుతూ ఛాతీ బరువుగా ఉందని గట్టు మీద కూర్చున్నాడట. దవాఖాన దాకా కూడా ఉండలేదు. జీపును ఎవరో తోలుకొచ్చి దాని జాగాలో దాన్ని నిలబెట్టి పోయారు.

దాని జాగా అంటే మా ఇంటి ముందు ఏటవాలు. ముక్కు కిందికి ఉండాలి, ముందు చక్రానికి రాయి అడ్డం ఉండాలి. ఆ జీపుకు సెల్ఫ్ పనిచేయదని ఊళ్లో అందరికీ తెలుసు. తాళం తిప్పితే ఉలుకూ ఉండదు, పలుకూ ఉండదు. పొద్దున రాయి తీసి నేను వెనక నుంచి తోయాలి, అది దొర్లుతుండగా ఆయన గేరులో వేసి క్లచ్ వదలాలి. అప్పుడది దగ్గి, నల్లగా పొగ నా ముఖాన కొట్టి, అందుకునేది.

నేనేమీ మూగగా తోసేదాన్ని కాదు. పిండి చేతులతో, ముడి ఊడిన జుట్టుతో తోస్తూ ఊరు వినేలా తిట్టేదాన్ని. "ఎడ్లు నయం గద! ఇంత మేత ఏస్తె లేస్తయి! నిన్నూ నీ జీపునూ కలిపి తూకానికి అమ్మేస్త సూడు!" ఆయన కిటికీలోంచి చెయ్యి బయట పెట్టి ఊపేవాడు. "అచ్చింది, అచ్చింది!" అని కేకేసేవాడు. గెలిచిన మొనగాడు మరి.

జీపు ఊరు దాటి, దారి కింద నీళ్లు పోయే మోరీ దగ్గర ఆగేది. మా గడపలోంచి కనిపిస్తుంది ఆ మోరీ. దిగి, బోనెట్ ఎత్తి, దాని చాటుకు వంగి, కాసేపటికి మళ్లీ ఎక్కి పోయేవాడు. బీడీ కోసమని నా నమ్మకం. డాక్టరు మానమన్నాడు కాబట్టి బోనెట్ చాటున తాగుతున్నాడు అనుకున్నాను. సాయంత్రం వచ్చాక దగ్గరికి పోయి వాసన చూసేదాన్ని. ఏమీ ఉండేది కాదు. ఎంత తెలివిగా తాగుతున్నాడో అనుకునేదాన్ని.

పగలంతటికీ మేము గట్టిగా మాట్లాడుకునేది ఆ తోసేటప్పుడే. మిగతా వేళల్లో మాటలు తగ్గిపోయాయి. పోట్లాటంటూ ఏమీ లేదు. ఇరవై నాలుగు గంటల కరెంటు వచ్చాక మోటర్లు కాలడం తగ్గింది. ఆయనకు పని తగ్గింది, మాట కూడా తగ్గింది. వచ్చేవాడు, తినేవాడు, గోడ వైపు తిరిగి పడుకునేవాడు. నేనూ పనుల్లో పడి అడగలేదు.

పెద్దకర్మ అయ్యాక పాత ఇనుము కొనేవాడొకడు వచ్చి జీపు చుట్టూ తిరిగి, టైరును కాలితో తన్ని చూశాడు. అమ్మితే నాకు బాధ కలిగేదని కాదు, అప్పట్లో నాకే బాధా కలగడం లేదు. ఆ తన్నడం నచ్చలేదు, అంతే. ఇవ్వనని పంపేశాను. అదీగాక అత్తను బీపీ గోలీలకు నెల నెలా మహబూబ్‌నగర్ దవాఖానకు తీసుకుపోవాలి. బస్సు ఆగే చోటికి ఆమె నడవలేదు. బండి తోలడం నాకు కొంత వచ్చు. బీడు నేలలో ఆయనే నేర్పాడు.

మొదటిసారి ఆయన సీట్లో కూర్చున్నప్పుడు కంటికి తగిలింది లోపలి అద్దం. కిందికి వంగి ఉంది. వెనక వచ్చే బండ్లు కాదు గదా, దారి కూడా కనబడదు. వెనక తలుపు అంచు కనిపిస్తుంది, అంతే. ఇదేం డ్రైవింగు పెద్దమనిషీ అనుకుని, అద్దం పైకెత్తి స్క్రూ గట్టిగా బిగించాను. దారి చక్కగా కనిపించింది.

ఆయన ఎప్పుడూ చూపించుకునే మెకానిక్‌నే ఇంటికి పిలిపించాను. బ్రేకులు నమ్మేటట్టు లేవు గనుక అతనే పానాల సంచి స్కూటరుకు తగిలించుకుని మహబూబ్‌నగర్ నుంచి వచ్చేవాడు. ఆయనను అన్నా అనేవాడు, నన్ను వదినె అనేవాడు. ముందు హ్యాండ్‌బ్రేకు తీగ మార్చాడు. అది ఎప్పుడో తుప్పు పట్టి తెగింది. ఇన్నేళ్లూ రాయినే నమ్ముకున్నాం. తరువాత బ్రేకు నూనె కారుతుంటే లోపలి రబ్బర్లు మార్చాడు. ఒకటి బాగైతే ఇంకొకటి బయటపడేది. చక్రం మీది కమాన్ పట్టీ ఒకటి విరిగి ఉంది, జీపు అందుకే ఒక పక్కకు ఒరిగి నడుస్తోంది. అది ఒరిగి పోవడం దాని నడక అనుకున్నాం మేము.

రేడియేటర్ విప్పినప్పుడు లోపలంతా తెల్లగా పెచ్చులు కట్టి ఉంది. నీళ్లు కాచే మా కాగు లోపల కట్టే పెచ్చే అది.

"బోరు నీళ్లు పోసిండ్రా దీంట్ల?" అన్నాడు మెకానిక్.

"మరేం పోస్తరు?" అంది అత్త.

"గా ఉప్పు నీళ్లకు గొట్టాలన్ని పూడుకపోయినయి అవ్వా. మంచినీళ్లు పొయ్యాలె."

"మంచినీళ్లు మనుషులకే లేకుండె గప్పుడు. జీపుకు ఏడికెళ్లి తేవాలె?"

నిజమే. ఫిల్టరు నీళ్ల డబ్బా తాగడానికే చాలేది కాదు. ఊళ్లో ఏ బండికైనా బోరు నీళ్లే. ఇప్పుడు నల్లా వస్తోంది కాబట్టి బిందెడు నల్లా నీళ్లు తెచ్చి జీపు నోట్లో పోశాను. గటగటా తాగింది. మెకానిక్ నవ్వాడు, అత్త నవ్వింది. నవ్వాలని తెలిసి నేనూ నవ్వాను.

చివరికి మిగిలింది సెల్ఫ్. "దాన్ని గూడ సూడు. నేను తోలితె తోసేటోళ్లు ఎవరున్నరు?" అన్నాను.

అతను బోనెట్ ఎత్తి వంగాడు. చాలాసేపు పైకి లేవలేదు.

"సెల్ఫ్‌కు ఏం గాలేదు వదినె."

"అది సచ్చి ఎన్నేండ్లో అయింది."

"కాలేదు. పోయినేడు కాదు, దాని ముంగటేడు నేనే కొత్తది ఏసిన." చేతిలో సన్న వైరు కొస పట్టుకుని ఉన్నాడు. కొస దగ్గర గుడ్డ పేలిక చుట్టి ఉంది. నా ఆకుపచ్చ చీర అంచు అది. పాతబడితే చింపి జీపు తుడుచుకొమ్మని నేనే ఇచ్చాను. "గీ వైరు అన్ననే పీకి పెట్టుకుంటుండె. ఊరు దాటినంక మోరీ కాడ ఆగి తగిలిచ్చుకునుడు, మల్ల ఇంటికొచ్చే ముంగట పీకుడు. వదులుగ తగిలిస్తుండె, ఆ దినం బండి తోలుకొచ్చేటప్పుడు ఊడినట్టుంది. నీకు ఎరుకే అనుకున్న."

"ఎందుకట?"

అతను పానా తుడుచుకుంటూ నా వైపు చూడకుండా చెప్పాడు. "నేను గూడ అడిగిన. 'పొద్దుగాల మీ వదినె తిట్లు పడకపోతె నాకు దినం నడువది రా. బండి బాగైతె ఆమె నన్ను ఎందుకు తిడ్తది' అన్నడు."

చాయ్ తాగుతావా అని అడిగి లోపలికి పోయాను. తెచ్చి ఇచ్చాక చూశాను, చాయ్‌పత్తి వేయడం మరిచిపోయాను. ఉత్త పాలు చక్కెర. అతను అదే తాగేశాడు. వైరు తగిలించి తాళం తిప్పమన్నాడు. జీపు ఒక్కసారికే లేచింది. దగ్గలేదు, సతాయించలేదు. ఆపేశాను. అతను సంచి సర్దుకుని వెళ్లిపోయాడు.

నేను సీట్లోనే కూర్చుని అద్దంలో దారి చూస్తున్నాను. అప్పుడు తట్టింది. ఆ అద్దం వదులై వంగలేదు, ఆయనే వంచి పెట్టుకున్నాడు. నేనేమో దాన్ని సరిచేసి స్క్రూ బిగించాను.

ఇంట్లోకి పోయి స్క్రూడ్రైవరు తెచ్చాను. స్క్రూ వదులు చేసి అద్దం కిందికి వంచాను. ఎంత వంచాలో తెలియదు. ఆయన నాకంటే పొడుగు, అందుకని గోనెసంచి మడిచి సీటు మీద వేసుకుని కూర్చున్నాను. వెనక మనిషి లేకుండా ఎలా తెలుస్తుంది? అత్త వాకిట్లో చిక్కుడుకాయ ఈనెలు తీస్తోంది.

"అత్తమ్మా, జర జీపు ఎనకకు పో."

ఆమె చేట పక్కన పెట్టి మెల్లగా నడుచుకుంటూ పోయింది. అద్దంలో ముందు దారి, తరువాత తెల్ల జుట్టు. ఇంకొంచెం వంచాను. ముఖం మొత్తం వచ్చింది, గడ్డం దాకా, సరిగ్గా అద్దం మధ్యలో.

మా ఇంట్లో జీపు వెనకకు పొమ్మంటే అర్థం ఒక్కటే. అత్త కొంగు నడుముకు దోపుకుంది. రెండు చేతులూ తలుపుకు ఆనించి, పళ్లు బిగించి, బలమంతా పెట్టి తోయడం మొదలుపెట్టింది. నుదుటి నరం ఉబ్బింది. నోరు వంకర పోయింది. ఇన్ని పొద్దులు ఆయన ఇది చూశాడు. నా నోరు, నా తిట్లు, పిండి అంటిన నా ముఖం.

"దొంగముఖపోడా," అన్నాను అద్దంతో. "సెప్పొద్దా నాకు?" ఆ మాటతో పాటే కళ్లలోంచి నీళ్లు దూకాయి, ఆపుదామన్నా ఆగలేదు.

"అచ్చిందా బిడ్డా?" అని వెనక నుంచి రొప్పుతూ అడుగుతోంది అత్త. హ్యాండ్‌బ్రేకు వేసుంది, బండి కదలదు, ఇక తోయకు అని చెప్పబోయాను. ఏడుపే వచ్చింది. ఆమె తోస్తూనే ఉంది.