ఇంటిపేరు తప్పనిసరి

2008. వనపర్తి వైపు ఒక చిన్న కోర్టులో ఎలక్ట్రానిక్ ఫైలింగ్‌ను ప్రయోగాత్మకంగా మొదలుపెట్టారు. దానికి స్కీమా రాసింది నేను. ఆ ఫైళ్లుండే ఎక్స్‌ఎమ్‌ఎల్ అంటే ప్రతి వివరానికీ దాని పేరున్న చీటీ తగిలించే పద్ధతి: వాది పేరు, ఊరు, సర్వే నంబరు. ఏ చీటీ ఖాళీగా ఉండకూడదో చెప్పే నియమాల పట్టిక స్కీమా. ఆ పట్టికతో ఫైలును సరిచూసే ప్రోగ్రామ్ వాలిడేటర్. అది ఒప్పుకుంటేనే కేసుకు నంబరు. నంబరు లేని కాగితం జడ్జిగారి బల్ల మీదికి పోదు.

ఒక గురువారం మధ్యాహ్నం గోపాల్‌పేట దగ్గరి పల్లె నుంచి ఖాజాబీ వచ్చింది. భర్త పోయాక ఒక గదిలో పిండిగిర్ని నడుపుకుంటోంది. గది తనదని, మర్నాడు జుమ్మా నమాజు కాగానే కూలగొడతానని మరిది బెదిరించాడట. ఆమెకు స్టే కావాలి. వకీలు రాసిచ్చిన పిటిషన్‌ను ఫైలింగ్ గుమస్తా నర్సింహులు టైప్ చేశాడు. తెర మీద ఎర్ర గీత పడింది.

"ఇంటిపేరు ఏందమ్మా?"

"మాకు ఇంటిపేరు ఏడుంటది సారూ? గిర్ని ఖాజాబీ అంటే మా ఊర్ల కుక్కకు గూడ ఎరుకే."

ఆయన నవ్వి నా వైపు తిరిగాడు. "షేక్ అని కొట్టేద్దమా సార్? ఎవరడుగుతరు?"

"వద్దు. పిటిషన్‌లో లేనిది రికార్డులో ఉండకూడదు. నియమమే మారుస్తాను" అన్నాను.

మార్చడానికి నాలుగు మెట్లు: సవరణ, పరీక్ష, హైదరాబాదులో పై అధికారి ఆమోదం, మళ్లీ ఇన్‌స్టాల్. మొదటి రెండూ గంటలో ముగించాను. ఆ అధికారి సోమవారం గానీ దొరకలేదు.

"రేపే జుమ్మా బేటా. జర జల్ది చూడు" అని ఆమె సాయంత్రం దాకా బెంచీ మీద కూర్చుని వెళ్లిపోయింది.

సోమవారం మళ్లీ వచ్చింది. "గోడ మీద పడి గిర్ని రాయి పలిగింది. ఇప్పుడన్న నన్ను తీసుకుంటదా నీ మిషను?"

తీసుకుంది. రెండు సెకన్లు పట్టింది. గదిని కూల్చకుండా ఆపమని వేడుకునే పిటిషన్‌కు నంబరు వచ్చింది. నర్సింహులు రసీదు ఇచ్చాడు. ఆమె దాన్ని మడిచి కొంగున కట్టుకుంది. నన్ను తిట్టలేదు.

నర్సింహులు మాట వింటే ఆ గురువారమే పిటిషన్ జడ్జిగారి ముందుకు పోయేది. రికార్డును తర్వాత దిద్దుకోవచ్చు. నాతో చదివినవాళ్లలో ముస్లిం మిత్రులున్నారు. వాళ్లలో చాలామందికి మనలాంటి ఇంటిపేరు ఉండదని నాకు తెలుసు. కానీ పరీక్ష కోసం నేను కల్పించిన వాదులందరికీ ఇంటిపేర్లు పెట్టాను.

ఆ తర్వాత ఏ వివరాన్నీ తప్పనిసరి చేయలేదని చెప్పలేను. చేశాను, ఉద్యోగమే అది. ఆ వివరం లేనివారు ఏదో ఒక రోజు కౌంటరు ముందు నిలబడతారని తెలిసే చేశాను.