తాడు పట్టే అన్న

నాకు నోరాగదు. ఇప్పుడూ ఆగదు గానీ, పంతొమ్మిది వందల అరవైల మొదట్లో అమ్రాబాద్ గుట్టల మీద చిన్న దవాఖానలో కాన్పులు చేసే నర్సుగా ఉన్నప్పుడైతే అస్సలు ఆగేది కాదు. నొప్పులు పడుతున్న ఆడవాళ్ళను కూడా కసిరేదాన్ని. కసురుతూనే నడుము రుద్దేదాన్ని. మాది నల్గొండ వైపు. నీళ్ళు లేని ఊళ్ళో పుట్టినందుకే నా నోట్లో తడి లేదని దవాఖాన ఆయా ఎక్కిరించేది. నేను నవ్వి ఊరుకునేదాన్ని. నా నోరే నా బలం అనుకునే రోజులవి.

ఒకరోజు పొద్దున ఒక చెంచు ఆమె వచ్చి గోడకు ఆనుకొని కూర్చుంది. అడవిలో చెంచుల గుడిసెల గుంపును పెంట అంటారు. దవాఖానకు రెండు కోసుల దూరంలో ఉన్న పెంట ఆమెది. అంతకు ముందు ఏడాది ఆమె బిడ్డకు నేనే కాన్పు చేశాను. వచ్చినవాళ్ళంతా మందులు తీసుకొని వెళ్ళేదాకా ఆమె కదల్లేదు. ఎవరికి బాగా లేదని అడిగితే, అన్నకు అంది. అన్న ఏడీ అంటే, తను వచ్చిన సంగతి అన్నకు తెలియదంది.

ఆమె భర్త తేనె తీసేవాడు. కొండ అంచు నుంచి తాడు మీద కిందికి దిగి, బండకు పట్టిన తేనెపట్టు కోస్తాడు. పైన ఆ తాడు పట్టేది ఎవరో తెలుసా? భార్య అన్నో తమ్ముడో. సొంత అన్నదమ్ములను కూడా పట్టనివ్వరు. తన చెల్లెలు మొగుణ్ణి పోగొట్టుకోవాలని ఏ అన్నా కోరుకోడు కదా, అందుకని. ఆమె పెళ్ళయిన నాటి నుంచి ఆ తాడు పడుతున్నది ఆమె అన్నే. ఆమెకు ఉన్నది ఆయనొక్కడే, తండ్రి వయసున్నవాడు.

ఆ అన్నకు పోయిన వానాకాలం ఒక పొద్దున మూతి వంకర పోయి, రెండు రోజులు మాట పడిపోయింది. మూడో రోజు మాట వచ్చింది గానీ, అప్పటి నుంచి ఎడమ కాలు ఈడుస్తున్నాడు. నీళ్ళకు పోయి ఉత్త కుండతో వస్తున్నాడు. కట్టెలకు పోయి, ఎందుకు వచ్చాడో మరిచి చెట్టు కింద కూర్చుంటున్నాడు. ఎప్పుడో చనిపోయిన భార్యను అన్నం పెట్టమని పిలుస్తున్నాడు. అడవిలో మోదుగులు పూస్తున్నాయి, తేనె తీసే రోజులు ముందరే ఉన్నాయి. మీ ఆయన ఇదంతా చూడటం లేదా అని కసిరాను. చూస్తున్నాడట. కానీ నీ చేతిలో తాడు పెట్టనని ఆయనతో అనడం కన్నా పడిపోవడమే నయం అనుకునే మనిషట.

"నేను చెప్పరాదు నర్సమ్మా. చెల్లె నమ్మకుంటే ఇగ అన్న తాడు పట్టుడెందుకు? నువ్వు చెప్పు. నీ నోటెంట వస్తే రోగం మాట అయితది. నా పేరు మాత్రం తియ్యకు."

తీయనన్నాను. డాక్టరు వచ్చే రోజున అన్నను తీసుకురమ్మన్నాను.

డాక్టరు నెలకొకసారి జీపులో వచ్చేవాడు. కుర్రవాడు, చెడ్డవాడేమీ కాదు, తొందర మనిషి. రోజంతా నడిచి, గడ్డలు తిని బతికే అడవి మనుషులకు రక్తపోటు ఎక్కడిది అంటూనే ముసలాయన చేతికి పట్టీ చుట్టాడు. నేనూ అదే అనుకున్నాను. గాజు గొట్టంలో పాదరసం చూసి డాక్టరు మళ్ళీ గాలి కొట్టాడు. ఇంకో చేతికి చుట్టి మూడోసారి చూశాడు. అప్పుడు ఆయన గొంతు తగ్గింది. ఆ పోటుకు తలలోని సన్న నరాలు దెబ్బ తింటాయని, ఇంకోసారి పక్షవాతం వస్తే మంచం పడతాడని నాకు చెప్పాడు. మాత్రలు రాశాడు. ఉప్పు తగ్గించమన్నాడు. ఆ పెంటలో ఉప్పు దొరకడమే గగనం, కుండెడు తేనె ఇస్తే గానీ దోసెడు ఉప్పు రాదు.

మతి సంగతి కూడా చూడండి సార్ అన్నాను. సరేనని ఆయన మూడు ప్రశ్నలు అడిగాడు. ఇవాళ ఏ వారం, ఇది ఏ నెల, దేశాన్ని ఏలేది ఎవరు. ముసలాయన సిగ్గుపడుతూ మూడింటికీ ఎరుక లేదన్నాడు. "బాగున్నప్పుడు మాత్రం వీళ్ళకు తెలుసా ఇవి" అని డాక్టరు నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ నవ్వు తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్ళు మండుతుంది. ఆయన కాగితం పక్కన పెట్టి, ఇంకొకరిని చూడటానికి అవతలి గదిలోకి వెళ్ళిపోయాడు.

అన్నతో వచ్చిన చెల్లెలు మెల్లగా అడిగింది.

"అన్నా, కిందికెల్లి తాడు రెండుమాట్ల గుంజితే ఏం చేస్తవు?"

ఒకసారి గుంజితే తాడు వదలాలి, రెండుసార్లు గుంజితే పైకి లాగాలి. ఆ పెంటలో పసిపిల్లలకు కూడా తెలిసిన సంగతి. ఇదేం అడగడం అన్నట్టు ఆయన నవ్వాడు. తన రెండు చేతులూ చూసుకున్నాడు. చాలాసేపు చూసుకున్నాడు.

"వదులుత," అన్నాడు.

ఆమె కొంగు నోట్లో కుక్కుకుంది. తాడు పట్టొద్దని ఆయనకు అప్పుడే చెప్పాల్సింది. మాత్రలతో సర్దుకుంటుందేమోనని వాయిదా వేశాను. కసరడానికి రాని భయం, అసలు మాట చెప్పాల్సి వచ్చేసరికి వచ్చింది.

ఇంకో రెండు రోజుల్లో వాళ్ళు కొండకు పోతున్నారని తెలిసినప్పుడు, ఆయాను వెంటబెట్టుకొని పెంటకు నడిచాను. ముసలాయన గుడిసె ముందు కూర్చొని నారతాడును జానెడు జానెడు తడిమి చూస్తున్నాడు. పక్కన చెల్లెలి భర్త బుట్ట కడుతున్నాడు. ఆమె గుడిసె వాకిట్లో నిలబడి ఉంది. నెత్తుటి పోటు సంగతి చెప్పి, ఈ ఏడు తాడు పట్టొద్దన్నాను. ముసలాయన మర్యాదగానే విన్నాడు. ఇన్నేండ్లలో తన చేతిలో తాడు ఒక్కసారి కూడా జారలేదన్నాడు. దవాఖాన వాళ్ళకు కాన్పులు తెలుసు గానీ కొండ తెలుస్తుందా అన్నాడు. చుట్టూ ఉన్న మగవాళ్ళు నవ్వారు. ఆమె భర్త తలెత్తకుండానే, ఈయన తాడు పట్టుకుంటేనే దిగుతానన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది. ఇగ నోరు ఆగలేదు.

"రెండుమాట్ల గుంజితే వదులుతనన్నవు నువ్వు. నీ చెల్లెకే నీ మీద నమ్మకం లేదు. నా దగ్గరికొచ్చి ఏడ్చింది."

నవ్వులు ఆగిపోయాయి. ముసలాయన చెల్లెలి వైపు చూశాడు. ఆమె కాదనలేదు, తల దించుకుంది. ఆయన కళ్ళ నుంచి నీళ్ళు కారాయి, తుడుచుకోలేదు. తాడును చుట్ట చుట్టి చెల్లెలి భర్త ముందు పెట్టాడు.

"చెల్లె భయపడ్డంక నేను పట్టుడెందుకు," అన్నాడు.

ఆమె నన్ను అడిగింది ఒక్కటే, తన పేరు తీయొద్దని. అదీ నిలుపుకోలేకపోయాను. అయినా దారి పొడుగునా ఒక మనిషి ప్రాణం కాపాడానని ఆయాతో గొప్పలు చెప్పుకున్నాను. ఆ ఏడు ఆ ఇంటివాళ్ళు తేనెకు పోలేదు. ఆమె భర్త బతికే ఉన్నాడు.

వానలు వెనకపట్టాక అచ్చంపేట అంగడిలో ఆమె కనబడింది. జిగురు, కుంకుడుకాయలు ముందు పెట్టుకొని కూర్చుంది. నన్ను చూసి తల తిప్పుకుంది. సిగ్గు లేకుండా వెళ్ళి పక్కన కూర్చొని అన్న ఎట్లా ఉన్నాడని అడిగాను. నా వైపు చూడకుండానే చెప్పింది. ఆ రోజు జరిగింది ఆయనకు గుర్తే లేదట. రోజూ తెల్లారగానే వచ్చి గుడిసె ముందు కూర్చుంటాడట, బావా పోదామా, తాడేది అని. ఆ పిలుపు వినలేక ఆమె భర్త ముందే లేచి అడవిలోకి పోతాడట. మిగిలేది ఆమె. తాడు తెగిందని చెప్పి చూసింది. కొత్తది పేనుతానని నార ఒలవడానికి కూర్చున్నాడు. తేనె పట్టలేదని చెప్పింది. ఎగిరే తేనెటీగలను చూపించాడు. ఇక ఉన్నమాట చెప్పక తప్పలేదు. నీకు నా మీద నమ్మకం లేదా చెల్లే అని అడుగుతాడట, అప్పుడే మొదటిసారి విన్నట్టు. ఆనాడు ఏడ్చినట్టే ఏడుస్తాడట. మళ్ళీ తెల్లారేసరికి అంతా మరిచిపోయి వచ్చి కూర్చుంటాడట.

ఆమె కుంకుడుకాయలు దగ్గరికి నూకుకుంటూ, కోపం లేకుండానే అంది.

"నువ్వు ఒక్కనాడు చెప్పి పోయినవు నర్సమ్మా. నేను రోజూ చెప్తున్న."