గడ్డిలో మాగేసిన కాలు

విరిగింది నా తొడ ఎముక. చెడింది మోకాలు. ఆపరేషన్ చేసిన డాక్టరు చెప్పవలసిన ఒక్క మాటా మా అమ్మకు తెలుగులో చెప్పకుండా, ఇంగ్లీషులో కాగితం మీద రాసి చేతిలో పెట్టి ఇంటికి పంపేశాడు. అందుకే ఈనాటికీ నా కుడికాలు సగమే వంగుతుంది.

మొన్న హనుమాన్ జంక్షన్‌లో బస్సు దిగితే తోపుడుబండి మీద రసాల మామిడిపళ్లు నిగనిగలాడుతున్నాయి. ఒకటి తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. వాసన లేదు. మందు పెట్టి ఒక్కరోజులో మగ్గించిన కాయ. "ఏంటండీ, కొనేదుందా, వాసన చూసి పోవడమేనా?" అన్నాడు బండివాడు. నేను వెతికే వాసనలో మూడు నెలలు పడుకున్నానని వాడికేం చెప్పను?

ఎనభైల మొదట్లో, నాకు పద్నాలుగేళ్లప్పుడు, మాది చాట్రాయి వైపు తోటల్లో కాయ కోసే కుటుంబం. కోత రోజుల్లో వల కట్టిన పొడుగాటి కర్రలు భుజాన వేసుకుని చీకటుండగానే బయలుదేరేవాళ్లం. సొన పడి చేతులు పొక్కేవి, చద్దన్నంలోకి పచ్చికాయ ముక్కా ఉప్పూకారమూ నంజుకునేవాళ్లం. అమ్మది కోత కాదు, మాగేయడం. గదిలో వరిగడ్డి పరిచి, కాయకు కాయ ఒరుసుకోకుండా పేర్చి, పైన మళ్లీ గడ్డి కప్పి తలుపు మూసేది. వాసన తలుపు దాటి వచ్చేదాకా ఎవరూ ముట్టకూడదు. "కదిపితే మచ్చ పడుద్ది" అనేది. చుట్టుపక్కల తోటల వాళ్లందరికీ ఆ చేతి మీద గురి.

ఆ ఏడు చిటారుకొమ్మన ఉన్న కాయ కోసం పాకి, కొమ్మతో సహా కింద పడ్డాను. బెజవాడ తీసుకెళితే తొడ కోసి లోపల ఇనుప రాడ్డు వేశారు. ఆ ఆసుపత్రి నాకు నిన్నటిలా గుర్తు: స్పిరిట్ వాసన, ఫ్యాను కిరకిర, పక్కమంచం తాత దగ్గు. నేను దేన్నీ మరిచిపోయే మనిషిని కాదు.

ఇంటికొచ్చాక అమ్మ నన్ను మాగేసే గదిలోనే గడ్డి మీద పడుకోబెట్టి, కాలికి అటూ ఇటూ గడ్డిచుట్టలు ఆనించింది. కాస్త మెదిలితే చాలు, "కదపమాకురా, ఎముక అతకాలి" అంటూ పరుగెత్తుకొచ్చేది. మా మేనమామ గుమ్మంలోంచి తొంగిచూసి "ఏరా అల్లుడూ, మాగావా, ఇంకా పచ్చేనా?" అనేవాడు. "ఊరుకో అన్నయ్యా, నీ నోరే దిష్టి" అనేది అమ్మ. మూడు నెలలకు ఎముక బ్రహ్మాండంగా అతికింది. మోకాలు మాత్రం కర్రయిపోయింది.

బడి దూరం, చదువు ఆగింది. చెట్టెక్కలేని వాడికి కోతలో పని లేదు. అయినా నేను ఊరుకోలేదు. చీలమండకు ఇటుక కట్టి, మంచం అంచున కాలు వేలాడదీసి, పళ్లు బిగబట్టి రోజుకు గోరంత వంచాను. ఆ సమయానికి అమ్మ ఇంట్లో ఉండేది కాదు, దొడ్లోకి వెళ్లిపోయేది. రెండేళ్లకు సగం వంగింది. ఈలోగా ఇంగ్లీషు అక్షరాలు సొంతంగా నేర్చుకున్నాను, ఆ కాగితం చదవడానికే. కూడబలుక్కుని చదివితే తేలింది: కుట్లు విప్పిన నాటి నుంచి రోజూ మోకాలు వంచాలి, నొప్పి పుట్టినా ఆపకూడదు. అమ్మకు చదివి వినిపించాను. ఆమె చీరకంటిన గడ్డిపరకలు ఒక్కొక్కటే ఏరుకుంటూ, "నాకేం తెలుసురా ఇంగ్లీషు" అంది.

ఆ రోజే డాక్టరుకు మొదటి ఉత్తరం రాశాను. ఆయన ఊళ్లు మారుతూ పోయాడు, నా ఉత్తరాలు తిరిగొస్తూ పోయాయి. ఇప్పుడా తోట ప్లాట్లయింది. గడ్డిలో మాగేసేవాళ్లు లేరు. ఆ గది లేదు, అమ్మ లేదు. నిరుడు అడ్రసు దొరికితే ఒకే ప్రశ్న రాశాను: మా అమ్మకు తెలుగులో ఎందుకు చెప్పలేదు? ఈ వేసవిలో వణుకుతున్న అక్షరాలతో జవాబొచ్చింది.

"గడ్డిలో చుట్టి నాకు రసాలు తెచ్చిచ్చిన ఆ తల్లి బాగా గుర్తుంది. ఆమెకు తెలుగులోనే చెప్పాను, రెండుసార్లు. రెండోసారి ఆమె చేతులు మీ మోకాలి మీద పెట్టి, ఎలా వంచాలో చూపించాను. మీరు కేక పెట్టారు. ఆమె చేతులు వెనక్కి లాక్కుని, 'నా వల్ల కాదండీ, వాడి ఏడుపు వినలేను' అన్నారు. ఊళ్లో ఇంగ్లీషు వచ్చినవాళ్లతో చదివించుకుని ఇంట్లో ఇంకెవరైనా చేయిస్తారని కాగితం మీద రాశాను. మీకు గుర్తు లేదా?"