ఆరో ఓడ దాకా ఎవరూ రాలేదు

అమెరికాలో, టెక్సాస్‌లోని ఇర్వింగ్ తెలుగు చర్చిలో సత్యానందం గారి పక్క కుర్చీ ఎప్పుడూ ఖాళీయే. మనిషి బంగారం. ఇస్త్రీ చొక్కా, జేబులో పిల్లలకు చాక్లెట్లు, నోట్లో ఓడలు. రెండో ప్రపంచయుద్ధం ముగిశాక, జర్మనీవాళ్లు దక్షిణ అమెరికాకు తిప్పడానికి కట్టుకున్న తెల్ల సరుకు ఓడలు ఆరు ఉండేవి. ఆ ఆరింటి చరిత్ర ఎవరికో ఒకరికి చెప్పందే ఆయనకు అన్నం సహించదని చర్చిలో పేరు. సముద్రం చూద్దామంటే ఇర్వింగ్ నుంచి కారులో నాలుగు గంటల పైమాటే. అయినా ఆయన మాట ఎక్కడ బయలుదేరినా హాంబర్గ్ రేవులోనే తేలుతుంది.

"అంకుల్, హైవే మీద ట్రాఫిక్ ఎలా ఉంది?" అని అడగడమే పాపం. "ట్రాఫిక్ అంటే గుర్తొచ్చింది. ఆ రోజుల్లో హాంబర్గ్‌లో..." అని అందుకుంటారు. పులిహోర బాగుందన్నవాడిని బ్రెజిల్ కాఫీ బస్తాల మధ్య కూర్చోబెడతారు. బైబిల్లోని నోవహు ఓడ గురించి ప్రసంగం చేసిన ఆదివారమైతే, పాస్టర్ అయ్యగారు వంటగది తలుపులోంచి పారిపోయారు.

చిత్రమేమిటంటే ఆ కథను పూర్తిగా విన్నవాడు లేడు. మొదటి ఓడ దగ్గర ఆవులింత, రెండో ఓడ దగ్గర తల వాలడం, మూడో ఓడ రేవు దాటేలోగా గురక. ఆయన కారులో ఆస్టిన్‌కు బయల్దేరిన చర్చి కుర్రాడు ఇమ్మాన్యుయేల్, సగం దారిలో ఉన్న వేకో రాకముందే ఒరిగిపోయి ఆస్టిన్‌లో లేచాడు. "పాపం, తన మాటలకి జనం నిద్రపోతారని అంకుల్‌కి తెలీదు" అని నవోమి అందరితో పాటు పడీపడీ నవ్వేది.

ఆ నవ్వు ఎంతో కాలం నిలవలేదు. నవోమి నర్సు. ఆస్పత్రిలో నైట్ డ్యూటీకి మారాక పగటి నిద్ర ఆమెకు మొహం చాటేసింది. కర్టెన్లు బిగించింది, చెవుల్లో దూది పెట్టుకుంది, ఆంటీలు చెప్పిన జాజికాయ పాలు తాగింది. కన్ను మూతపడితే ఒట్టు. ఒక ఉదయం డ్యూటీ నుంచి వస్తూ హైవే మీద స్టీరింగ్ పట్టుకునే కునికింది. పక్కనున్న ట్రక్కువాడు హారన్ కొట్టాడు కాబట్టి సరిపోయింది.

ఆ ఆదివారం చర్చిలో లేచి నిలబడింది. "నాకు నిద్ర రావాలని ప్రేయర్ చేయండి. లేదంటే జాబ్ మానేయాలి. నాకేమో మానడం ఇష్టం లేదు" అంది. పేషెంట్లంటే ఆమెకు ప్రాణం.

మర్నాడు ఉదయం ఫోన్ మోగింది.

"అమ్మా నవోమీ, డ్యూటీ నుంచి వచ్చేశావా? టిఫిన్ తిన్నావా?"

సత్యానందం గారు! "తిన్నాను అంకుల్. ఇప్పుడే పడుకుందామని..."

"పడుకునే విను. స్పీకర్ ఆన్ చేసి దిండు పక్కన పెట్టుకో. మొదటి ఓడ పేరు కాప్ సాన్ నికోలాస్..."

"అంకుల్, ప్లీజ్, చాలా టైర్డ్‌గా ఉన్నాను."

"నువ్వేం మాట్లాడక్కర్లేదమ్మా."

పెద్దాయన మాట్లాడుతుంటే ఫోన్ పెట్టేయడం మర్యాద కాదని ఊరుకుంది. ఓడ తెల్లగా ఉంటుందట. అడుగున మాంసానికీ పళ్లకీ చల్లటి గదులట. పైన ప్రయాణికులు ఈదులాడటానికి చిన్న కొలనట. ఎక్కడా హెచ్చూ తగ్గూ లేని ఆ గొంతు సాగుతూనే ఉంది. కర్టెన్ సందులోంచి పడ్డ ఎండ గోడ మీద నీళ్లలా కదిలింది. హైవే మీద కార్ల హోరు అలల హోరయింది. ఎక్కడి నుంచో కాఫీ గింజల వాసన వచ్చింది. మంచం మెల్లగా రేవు విడిచింది. గట్టు మీద ఆస్పత్రి, అపార్ట్‌మెంట్లు, ఇండియన్ స్టోరు అన్నీ చిన్నవవుతూ వెనక్కి పోయాయి. కళ్లు తెరిచేసరికి సాయంత్రమైంది.

అప్పటి నుంచి రోజూ ఇదే తంతు.

"నిన్న ఎక్కడ ఆగాం?"

"రెండో ఓడ దగ్గర అంకుల్."

"అయితే మళ్లీ మొదటి నుంచి."

కొన్ని వారాలకు మనిషి తేరుకుని, థాంక్స్ చెబుదామని కోడికూర వండుకుని వాళ్లింటికి వెళ్లింది. ఆయన ఇంట్లో లేరు. భార్య పర్సిస్ గారు తలుపు తీశారు.

"అంకుల్‌కి ఓడలంటే ఎంత పిచ్చో, ఆంటీ!"

"ఓడలా? ఈయనకా?" పర్సిస్ గారు నవ్వాపుకోలేక గోడ పట్టుకున్నారు. "గాల్వెస్టన్‌లో ఫెర్రీ ఎక్కిస్తే ఒడ్డు చేరేదాకా వాంతులే! నాకు మోకాలి ఆపరేషన్ అయ్యాక నెప్పికి నిద్ర పట్టేది కాదమ్మా. ముందు బైబిల్లో కీర్తనలు చదివి వినిపించారు. నాకవన్నీ కంఠతా వచ్చు కదా, నేనూ అందుకునేదాన్ని. ఇంకెక్కడి నిద్ర? సామెతల గ్రంథం చదివితే తప్పులు దిద్దేదాన్ని. చివరికి లైబ్రరీవాళ్లు అమ్మేస్తుంటే ఈ ఓడల పుస్తకం పట్టుకొచ్చారు. మూడో పేజీకి నేను ఔట్!"

"మరి చర్చిలో అందరికీ ఎందుకు చెప్తారు?"

"అందరికీనా? సరిగ్గా చూడు. కళ్లు ఎర్రబడ్డవాళ్ల పక్కనే కూర్చుంటారు."

నవోమి ఒక్కొక్కరినే గుర్తు చేసుకుంది. ఇమ్మాన్యుయేల్‌కి అప్పట్లో వీసా టెన్షన్. అయ్యగారింట్లో అప్పుడే పాప పుట్టింది. ఆయన విసిగించారని తాము నవ్వుకున్న ప్రతివాడూ నిద్రకు మొహం వాచినవాడే. "అయితే, జనం నిద్రపోతారని అంకుల్‌కి తెలుసా?"

"తెలియకేం! నిద్రపోకపోతేనే ఆయనకు బెంగ."

నవోమికి సిగ్గేసింది. అంతకు మించి ఆయన మీద బోలెడంత ప్రేమ పుట్టుకొచ్చింది.

చలికాలం వచ్చేసరికి ఆమె నిద్ర గాడిలో పడింది. ఆయన ఫోన్ చేయడం మాత్రం మానలేదు. ఒక ఉదయం కథ ముగింపు తెలుసుకోవాలనిపించి పట్టుబట్టి మేలుకుంది.

"...అలా ఐదో ఓడ కూడా పాత ఇనుము కింద పోయింది" అని ఆయన ఆగారు.

"వింటున్నాను అంకుల్."

"అయ్యో, ఇంకా పడుకోలేదా? ఒంట్లో బాగానే ఉందా తల్లీ?"

"బాగుంది. ఆరో ఓడ ఏమైందో చెప్పండి."

అవతల గాభరాగా పేజీలు తిప్పిన చప్పుడు. "ఇంత దూరం నేనెప్పుడూ రాలేదమ్మా. ఉండు, చదువుతాను... ఓర్నీ, ఇది బతికే ఉంది! కాప్ సాన్ డియేగో. హాంబర్గ్ రేవులో కట్టి మ్యూజియం చేశారట. ప్రయాణికుల గదులు అద్దెకిస్తారట. ఎక్కడెక్కడి నుంచో జనం వచ్చి..."

"వచ్చి?"

"హాయిగా నిద్రపోతారట!"

నవోమి కడుపుబ్బా నవ్వి దుప్పటి గడ్డం దాకా లాక్కుంది. "అయితే మళ్లీ మొదటి నుంచి చెప్పండి అంకుల్."